చెయ్యి విడిచిన మందు

మా అమ్మ సారక్క సూరత్‌లో పదిహేడేళ్లపాటు పచ్చకామెర్లకు మందిచ్చింది. పద్దెనిమిదో ఏడు ఆ మందు ఆమె చేతినుంచి నేను తీసుకున్నాను. తీసుకుంటున్నానని అప్పుడు నాకు తెలియదు. వింటున్నాననే అనుకున్నాను.

మాది సిరిసిల్ల. నాన్న ఆగయ్య సాంచెల పనికి, అంటే మరమగ్గాల పనికి వచ్చి, పర్వత్ పాటియాలో వరుసగదుల చాల్ ఒకదానిలో గది తీసుకుని, ముప్పై ఏళ్లు ఆ సాంచెల చప్పుడులో బతికి ఆ గదిలోనే చనిపోయాడు. నేను మగ్గం ఎక్కలేదు. మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో ఉపాధ్యాయుణ్ణి. సాయంత్రాలు తత్వశాస్త్రం చదివేవాణ్ణి. చదివినదాన్ని పంచుకునేందుకు ఎవరూ లేక పుస్తకాల అంచుల మీద రాసుకునేవాణ్ణి. ఏది తెలిసినట్టు, ఏది తెలియనట్టు, తెలిసిందని దేనివల్ల చెప్పగలం అన్నవి నాకు ఇష్టమైన ప్రశ్నలు. మా ఇంట్లోనే ఒక మనిషికి ఏదో తెలుసుననీ, అదేమిటో నాకు తెలియదనీ చాలాకాలం పట్టించుకోలేదు.

వానలు మొదలైన పదిహేను రోజులకు కామెర్లు వచ్చేవి. నీళ్లలో మురుగు కలిసేది. తెల్లవారకముందే మా గుమ్మం ముందు ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉండేవారు. అమ్మ వారిని పలకరించేది కాదు. మందు తెచ్చేదాకా నోరు విప్పకూడదు. చాల్ వెనుక మురుగు కాలువ, అక్కడివారి మాటలో ఖాడీ, దాని గట్టువైపు వెళ్లి కొంగులో ఏదో చుట్టుకుని వచ్చేది. రోటిమీద నూరి, మేకలు కాసే భర్వాడుల ఇంటినుంచి తెప్పించిన మేకపాలలో కలిపి, తన చేత్తోనే గ్లాసు నోటికి అందించేది. మూడు పొద్దులు, పరగడుపున. ప్రతిఫలం తీసుకునేది కాదు. తాగినవారు పోయొస్తామని చెప్పకుండా వెళ్లిపోవాలి. అదీ నియమమే.

తొంభై ఐదు వేసవి సెలవుల్లో అడిగాను.

"అమ్మా, ఆ మందు సంగతి నాకు చెప్పరాదు?"

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆగింది. "ఎందుకురా లింగం?"

"నీ తర్వాత పోవద్దు గదా."

"నీకు నమ్మకమున్నదా?"

"లేకుంటే అడుగుతనా?"

అది అబద్ధం. చిన్న అబద్ధమనుకున్నాను. నిజానికి నాకు కావలసింది ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం. మరుగున ఉన్నదేదైనా రాతలోకి వస్తే రక్షింపబడినట్టేనని ఆ రోజుల్లో గట్టిగా అనుకునేవాణ్ణి.

ఆమె వారం రోజులు ఆలోచించింది. ఎనిమిదో రోజు తలస్నానం చేసి, నాతో చేయించి, తూర్పుముఖంగా కూర్చోబెట్టి చెవిలో చెప్పింది.

"నేలుసిరిక. చింతాకు లెక్క సన్నటాకు ఉంటది. ఆకు కింద వరుసగ ముత్యాలసొంటి కాయలు. పైనుంచి చూస్తే ఏం కానరాదు. జర ఎత్తి చూడాలె. గోరు తగలకుంట వేరుతోని తియ్యాలె. నీ నీడ దానిమీద పడొద్దు. దానితోని గుంటగలగరాకు, పిడికెడు."

మే నెల. ఖాడీ గట్టున ఎండిన మట్టి తప్ప ఏమీ లేదు. మొక్కను చూపించడానికి వీలు కాలేదు. "వానపడంగనే చూపెడుతవా?" అని నేను అడగలేదు. మాటలు చాలనుకున్నాను.

చివర ఆమె చెప్పింది: "ఇంక నేనియ్యరాదు. చెప్పినోళ్ల చేతిల మందు నిల్వదు. వచ్చే వానకాలం పోకముందు నువ్వు ఒక్కరికన్న నీ చేత్తోని ఇయ్యాలె. గప్పుడు చెయ్యి కుదురుతది. ఇయ్యకుంటే అటు నా దగ్గరుండదు, ఇటు నీ దగ్గరుండదు."

నా రెండు చేతులమీద చెంబెడు నీళ్లు పోసింది. తర్వాత తన చేతులు దులుపుకుని, భారం దించుకున్నదానిలా నవ్వింది. ఆ నవ్వును నేను అర్థం చేసుకుని ఉండవలసింది. ఆమె చెప్పిందని నేననుకున్నాను. ఆమె ఇచ్చింది.

మధ్యాహ్నం నోటుపుస్తకంలో రాశాను. ఒకటిన్నర పేజీ అయింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ప్లేగు వచ్చి వెళ్లిన మరుసటేడు అది. నగరాన్ని కడుగుతున్నారు, రోడ్లు వెడల్పు చేస్తున్నారు, ఖాడీ గట్లు చెక్కి సున్నం చల్లుతున్నారు. కామెర్లు మాత్రం మానలేదు. జులైలో ఒక పొద్దున భేస్తాన్ నుంచి కమలాకర్ అనే మగ్గం కార్మికుడు వచ్చాడు. కళ్లు పసుపు ముద్దలు. అమ్మ అతన్ని నా దగ్గరికి పంపింది.

"సారక్క చెప్పింది సార్. ఇప్పుడు మీ చెయ్యట."

నేను బడికి ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాను. "దవాఖానకు పో అన్నా. రక్తపరీక్ష చేయించుకో. నీళ్లు కాచి తాగు" అన్నాను.

అతను నా వంక, తలుపు దగ్గర నిల్చున్న అమ్మ వంక మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. పక్కగది వెంకటవ్వ మా ఇద్దరికీ వినబడేలా అంది: "సారక్కా, నీ కొడుకు చేతికి సుద్దముక్క కుదిరింది గని ఆకు కుదురుతదా? అందరికి నీళ్లు కాచుకోమంటుండు. పొయ్యిల కట్టె గూడ సారే ఇస్తడా అడుగు!"

అమ్మ నవ్వలేదు. ఆ సీజనులో నాలుగుసార్లు అడిగింది. "ఒక్కరికన్న ఇయ్యిరా లింగం. వానకాలం పోతది." ఒకసారి పరీక్షపేపర్లు దిద్దాలన్నాను. ఒకసారి జలుబన్నాను. నమ్మనిదాన్ని ఇంకొకరికి తాగించడం మోసమని నాకు నేను చెప్పుకున్నాను. మాట గౌరవప్రదంగానే ఉంది. అడిగి తీసుకునేటప్పుడు మాత్రం ఈ నియమం నాకు గుర్తు రాలేదు.

దసరాకు వానలు ఆగిపోయాయి. ఆమె మళ్లీ అడగలేదు. నాతో మామూలుగానే మాట్లాడింది. అంతా సర్దుకుందనుకున్నాను.

మరుసటేడు ఆగస్టులో నా భార్య జమునకు కామెర్లు వచ్చాయి. ఏడో నెల.

జమున సూరత్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ ఒకే వాక్యంలో కలిపేది. నా పుస్తకాలను దుమ్ము దులిపేటప్పుడు 'నా సవతులు' అనేది. నాలుగు రోజులు వాంతులయ్యాయి. బిడ్డ వల్లననుకున్నాం. ఐదోరోజు పొద్దున అద్దంలో చూసుకుని నన్ను పిలిచింది.

"మాస్టర్ సాబ్, ఇటు రా. నా కండ్లు చూడు. బిల్‌కుల్ హల్దీ! పెళ్లి మళ్ల చేసుకుందామా ఏంది?"

ఆ మాట అంటూనే గోడ పట్టుకుంది.

నేను ఆలస్యం చేయలేదు. ఇది స్పష్టంగా రాస్తున్నాను. ఎందుకంటే ఆలస్యం చేసి ఉంటే నా తప్పుకు ఒక ఆకారం ఉండేది. ఆ పూటే సర్కారు దవాఖానకు తీసుకువెళ్లాను. యువ వైద్యుడు ఒకాయన మర్యాదగా పరీక్షించాడు. మర్నాడు రిపోర్టు చూసి హిందీలో చెప్పాడు. ఇది నీళ్లవల్ల వచ్చే కమళో, అంటే కామెర్లు. దీనికి మందు లేదు. విశ్రాంతి, గ్లూకోజు. మామూలు మనుషులకు దానంతటదే పోతుంది. గర్భిణులకు ఒక్కోసారి చాలా ప్రమాదం. మాటల్లో తడబాటు, అతినిద్ర కనిపిస్తే వెంటనే తీసుకురండి.

"మందు లేదా?" అన్నాను.

"లేదు మాస్టర్‌జీ. ఎవరి దగ్గరా లేదు" అన్నాడు.

ఆయన అబద్ధమాడలేదు. ఏడాది కిందట అదే మాటను నేను ఒక వాదంగా అనగలిగేవాణ్ణి. ఇప్పుడది నాకు వినబడిన తీరు వేరు.

ఇంటికి రాగానే జమున మంచం మీద పడుకుని అమ్మను పిలిచింది. "అత్తమ్మా, నిరుటికి ముందటేడు పద్మారాణికి ఇచ్చినవు కదా. అది గూడ ఏడో నెలల్నే ఉండె. దాని బిడ్డ ఇప్పుడు గల్లీ అంత ఉరుకుతున్నది. నాకు గూడ ఇయ్యి."

అమ్మ వంటమూలకు వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను వెంట వెళ్లాను.

"నా దగ్గర లేదురా" అంది.

"అమ్మా, మొక్క మొక్కే కదా. నువ్వు చెప్పినంత మాత్రాన దానికేం తెలుస్తది?"

"నీకు చెప్పిన నాడే అయిపోయింది."

"అయితే నేను ఇస్తా."

"ఇయ్యి." మళ్లీ గోడవైపు తిరిగి, "నిరుడే ఇయ్యాల్సుండె" అంది.

మర్నాడు తెల్లవారకముందు బయలుదేరాను. చాల్ వెనుక గట్టు లేదు. దానిమీద సిమెంటు పలకలు పరిచి ఉన్నాయి. ఖాడీ వెంట భేస్తాన్ వైపు నడిచాను. దారిలో పాలవాడు పలకరించాడు. తల మాత్రం ఊపాను. ఎవరికోసం మౌనం పాటిస్తున్నానో నాకు తెలియదు. రంగుల కార్ఖానా గోడ దాటాక పచ్చిక ఉంది. అక్కడ వంగి చూశాను.

చింతాకులాంటి సన్నని ఆకు ఉన్న మొక్కలు రెండు రకాలు ఉన్నాయి.

రెండింటికీ ఆకు ఎత్తితే కింద కాయలున్నాయి. ఒకదాని కాడ పచ్చగా, కాయ సన్నని తొడిమకు వేలాడుతోంది. రెండోదాని కాడ ఎర్రగా, కాయ కాడకే అంటుకుని గరుకుగా ఉంది. నోటుపుస్తకంలోని ఒకటిన్నర పేజీ రెండింటికీ సరిపోయింది. ముత్యాలసొంటి కాయలు. ముత్యం నున్నగా ఉంటుంది కనుక పచ్చకాడదే అయి ఉండాలని ఊహించాను. కళ్లతో చూసిన ప్రత్యక్షం లేనిచోట, తర్కశాస్త్రం చెప్పే అనుమానం. బడిలో పిల్లలకు ఉదాహరణగా చెప్పదగిన తర్కం. దాన్ని వేరుతో లాగాను. గోరు తగిలిందో లేదో గమనించలేదు.

తెచ్చిన మొక్కను అమ్మకు చూపబోయాను. ఆమె రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"నాకు చూపెట్టకు. ఇచ్చేసినోళ్లు మళ్ల చూడరాదు."

"అదో కాదో ఒక్క మాట చెప్పు."

"చూడనన్న కదా!" ఆమె ఎప్పుడూ అరవదు. అరిచింది.

నేనే నూరాను. గుంటగలగరాకు నల్లని రసం నా వేళ్లకు అంటింది. మేకపాలు కలిపాను. గ్లాసు పట్టుకుని మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లాను. చాలా నెమ్మదిగా, జమునకు వినబడకూడదని, అన్నాను: "మందు నేనే తెచ్చిన, నేనే నూరిన. నువ్వు గ్లాసు మాత్రం పట్టు. ఆమెకు నీ చెయ్యి మీదనే నమ్మకం. నీ చేత్తోని తాగితే ధైర్యమన్న వస్తది."

అమ్మ నా ముఖంలోకి చూసింది. ఆ చూపును నేను ఇంకా మోస్తున్నాను.

"వట్టి చెయ్యి పెట్టి బిడ్డను మోసం చెయ్యమంటున్నవా?"

"మోసం కాదమ్మా. ధైర్యం."

"పదిహేడేండ్లు ఇచ్చిన. ఒక్కనాడు అబద్ధం తాగియ్యలె."

నమ్మని నేను నటించమని వేడుకుంటున్నాను. నమ్మిన ఆమె నటించనంటోంది. ఇన్నేళ్లూ సత్యం గురించి చదివినవాణ్ణి నేను. ఆ మూలలో, పొయ్యి పక్కన, సత్యం ఆమెవైపు ఉంది. అది నా భార్యకు ఏ మేలూ చేయలేదు. ఆమె పక్షాన సత్యం ఉండటం వల్ల నాకు కోపం తగ్గలేదు కూడా. జీవితంలో మొదటిసారి నేను మా అమ్మను ద్వేషించాను. అంతసేపూ ఆమె కొంగు తడుస్తూనే ఉంది.

గది ఒక్కటే. మధ్యలో ఒక చీర తెర. జమునకు అంతా వినబడింది.

"అత్తమ్మను సతాయించకు" అంది తెర అవతలినుంచి. "నువ్వే తే."

వెళ్లాను. లేచి కూర్చోలేకపోతే వీపుకు చెయ్యి ఆనించాను. గ్లాసు నోటిదాకా తెచ్చాక ఆమె తాగకుండా నన్ను చూసింది.

"మాస్టర్ సాబ్, ఫెయిలైనోని పేపర్ ఇచ్చినట్టు ఆ మొఖమేంది? జర నవ్వుకుంట ఇయ్యి."

నవ్వాను. ఆమె నా నవ్వును ఒక క్షణం పరీక్షించి, కళ్లు మూసుకుని తాగేసింది. "ఛీ, కడ్వా" అని చేదుకు మూతి తుడుచుకుంది. తర్వాత నా నల్లబడిన వేళ్లు పట్టుకుని, "గివి తెల్లగైతయా?" అని అడిగింది. అవుతాయన్నాను.

రెండో పొద్దు తాగింది. మూడో పొద్దు నేను మొక్క తెచ్చి నూరేసరికి ఆమె నన్ను వాళ్ల అన్నయ్య పేరుతో పిలిచింది. గ్లాసు పక్కన పెట్టి ఆటో తెచ్చాను. దారంతా నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. నిద్ర కాదని నాకు తెలుసు. దవాఖానలో వెంటనే చేర్చుకున్నారు. చేయగలిగినవన్నీ చేశారు. సాయంత్రానికి బిడ్డ గుండె వినబడటం లేదన్నారు. మర్నాడు మధ్యాహ్నం, రోగులను చూడటానికి వచ్చినవారు టిఫిను డబ్బాలతో వరండాల్లో తిరుగుతుండగా, జమున చనిపోయింది.

అదే యువ వైద్యుడు నా పక్కన కూర్చున్నాడు. "మీరు ఇంకేమీ చేసి ఉండలేరు మాస్టర్‌జీ" అన్నాడు. ఆ మాట ఓదార్పు కావాలి. నాకు కాలేదు. చేయగలిగి చేయనివాడు పశ్చాత్తాపపడవచ్చు. దేనివల్ల ఏం జరిగిందో తెలియనివాడికి ఆ అర్హత కూడా లేదు. మందు పనిచేసేదా? చెయ్యి కుదిరి ఉంటే చేసేదా? ఏదీ చేసేది కాదా? పద్మారాణి దేనివల్ల బతికింది? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికైనా జవాబు దొరికితే నేను దానిమీద తల ఆనించి ఏడ్వగలిగేవాణ్ణి.

పదకొండో రోజు కర్మ అయ్యాక బంధువులు వెళ్లిపోయారు. గదిలో అమ్మా నేనూ మిగిలాం. నాకు ఒక్క విషయం తెలుసుకోవాలని ఉంది. నేను ఆకు నూరుతున్నప్పుడు ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. కాని పసరు వాసన గదంతా ఉంది.

"అమ్మా, వాసన నీకు తెలిసిందా?"

"తెలిసింది" అంది.

"తప్పు మొక్కనా?"

"ఆకు అదే బిడ్డా" అంది. "చెయ్యే లేకుండె."

తప్పు మొక్క అని చెప్పి ఉంటే బాగుండేది. మతిమరుపు, అజ్ఞానం, తొందరపాటు: వీటిని మోయడానికి మనుషులకు అలవాటుంది. ఆమె చెప్పినదాన్ని నేను నమ్మను. నమ్మకపోవడం వల్ల అది తేలిక కాలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నిందించడానికి నాలో ఏదైనా మిగిలి ఉందని బహుశా ఆమెకు అనిపించి ఉండదు. ఆ రోజు తర్వాత ఆమె చేతులను కొంగుకింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నం తినేటప్పుడు తప్ప అవి బయటికి రావు.

వానాకాలం ఇంకా అయిపోలేదు. మా ఇంట్లో జరిగినది దూరంగా ఉండేవారికి తెలియదు. సెప్టెంబరు చివర ఒక పొద్దున తలుపు చప్పుడైంది. హజీరాలో కంపెనీ పని చేసే మనిషి. పేరు శ్యాంసుందర్ అని చెప్పాడు. జగిత్యాల వైపు మాట. బయట ఆటోలో ఒకామె కూర్చుని ఉంది. తలమీద కొంగు కప్పుకుంది. ముఖం కనిపించలేదు.

"సారక్క ఇల్లు ఇదేనా? కామెర్ల మందుకొచ్చిన."

"దవాఖానల చూపించినవా?" అన్నాను.

"చూపించిన సార్. దీనికి మందు లేదన్నరు. అందుకే ఇంత దూరం తీసుకొచ్చిన. ఆమె వట్టి మనిషి గూడ కాదు."

ఆటోవైపు చూశాను. "మా దగ్గర గూడ లేదు" అన్నాను.

"సారక్క కొడుకువేనా?"

"కొడుకునే."

"అందరు ఈడనే అన్నరు." అతని గొంతులో కోపం లేదు. లెక్క తప్పిన పిల్లవాడు మళ్లీ మొదటినుంచి అడిగినట్టు అడిగాడు. "ఆడ లేదన్నరు. ఈడ లేదంటున్నరు. మరి యాడున్నది సార్?"

ఖాడీ వెంట భేస్తాన్ వైపు, రంగుల కార్ఖానా గోడ అవతల, పచ్చకాడది అని చెప్పవచ్చు. చెప్పడానికి నన్ను ఆపే నియమం ఏదీ లేదు. నేనే నూరి ఇవ్వవచ్చు కూడా. లేదా ఏ ఆశా పెట్టుకోవద్దని చెప్పవచ్చు. ఈ మూడింటిలో ఏది మంచితనం అవుతుందో నిర్ణయించుకోలేక గుమ్మంలో నిల్చున్నాను. అతను జవాబు కోసం మర్యాదగా ఎదురుచూశాడు. ఆటోవాడు హారన్ కొట్టాడు. శ్యాంసుందర్ నాకు నమస్కారం పెట్టి వెనక్కి వెళ్లాడు. ఆటో మలుపు తిరిగేటప్పుడు ఆమె చెయ్యి ఒకటి బయటి కడ్డీని పట్టుకుని ఉండటం కనిపించింది.

తలుపు వేశాను. అమ్మ మూలలో గోడకు ఆనుకుని ఉంది. అంతా విన్నది.

"ఎన్నో నెలనట?" అని అడిగింది.

"నేనడగలేదు" అన్నాను.